బట్టలుతికే మెషీన్ల ఊరు, యుద్ధం నాటి కబుర్లు

అమెరికాలో ఎక్కడుంటున్నారని ఎవరైనా అడిగితే మొదట్లో "న్యూటన్" అనేవాళ్ళం. అదెక్కడ అనేవారు. అయోవా రాష్ట్రంలో అంటే, ఒహాయోనా, ఐడహోనా అని ఇంకో ప్రశ్న వచ్చేది. కొన్నాళ్ళకి విసుగొచ్చి "వాషింగ్ మెషీన్లు చేసే ఊరు" అనడం మొదలుపెట్టాం. అప్పుడు మాత్రం అమెరికన్లకి టక్కున వెలిగేది. "ఓ, మేటాగ్!"

1990ల చివర్లో మా వారికి ఆ కంపెనీ హెడ్డాఫీసులో కంప్యూటర్ కాంట్రాక్టు దొరికితే వెళ్ళాం. అయోవా రాజధాని డి మొయిన్ నుంచి ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద తూర్పుగా వెళ్తే ముప్పావుగంట దారి. చుట్టూ మొక్కజొన్న చేలు, సోయా చేలు. పదిహేను వేల జనాభా ఉన్న ఊరు. పార్కుకి మేటాగ్ పేరే, అక్కడి పాడి ఫారంలో చేసే నీలం మచ్చల చీజ్‌కీ మేటాగ్ పేరే. ఆ చీజ్ వాసన నాకు చివరిదాకా పడలేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం అతిథులకి అదే పెట్టేవారు.

మేం అద్దెకి దిగింది పాత చెక్క ఇల్లు. పై వాటా మాది, కింద వాటా ఇంటి ఓనరుగారిది. అప్పటికే ఆవిడకి డెబ్భై దాటి చాలా ఏళ్ళయింది. పైకి పేరు పెట్టి పిలవమనేది గానీ నాకు నోరు రాలేదు. మనసులో మామ్మగారనే అనుకునేదాన్ని, ఇంట్లో మా వారితో కూడా అలాగే అనేదాన్ని. చివరికి ఆ మాట ఆవిడకీ తెలిసిపోయి, ఫోన్లో "నేను మామ్మని మాట్లాడుతున్నా" అనేది, మ అక్షరం మీద తెగ ఒత్తి.

వాషింగ్ మెషీన్ల ఊళ్ళో మా వాటాలో వాషింగ్ మెషీన్ లేదు. బట్టలు తీసుకుని మామ్మగారి బేస్‌మెంట్‌కి దిగాలి. అక్కడ రెండు మెషీన్లుండేవి. ఒకటి మామూలు తెల్ల ఆటోమేటిక్. రెండోది నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ చతురస్రపు అల్యూమినియం తొట్టి, మూలలు గుండ్రంగా, పైన రెండు రబ్బరు రోలర్లు. బట్టల్ని ఆ రోలర్ల మధ్యకి తోస్తే నీళ్ళు పిండి అటువైపు పడేస్తాయి. వాళ్ళమ్మ 1930ల్లో కొన్నదట. ఆటోమేటిక్ ఉన్నా దుప్పట్లకీ తువ్వాళ్ళకీ మామ్మగారు దాన్నే వాడేది.

ఒకసారి నాకు నేర్పింది. ముందు తెల్లబట్టలు, ఆ నీళ్ళలోనే రంగు బట్టలు, చివరికి పనిలోకి వేసుకునే మాసిన బట్టలు. నీళ్ళు మార్చడం లేదు. పక్కన జాడించడానికి రెండు తొట్లు. చొక్కాని రోలర్లలోకి పంపేటప్పుడు గుండీలు లోపలికి మడిచి పంపాలి, లేకపోతే పటపటా పగిలి గోడకి తగులుతాయి. వేళ్ళు కూడా దగ్గరికి పోనివ్వకూడదు. పైనున్న అడ్డపట్టీని ఒక్క దెబ్బ కొడితే రోలర్లు విడిపోతాయి. అది ముందు నాలుగైదుసార్లు కొట్టించి, చెయ్యి అలవాటయ్యాకే బట్ట ముట్టుకోనిచ్చింది. ఆ పట్టీ మీద రంగు పోయి లోహం నున్నగా మెరుస్తూ ఉండేది. ఎన్నేళ్ళ దెబ్బలో మరి.

ఆ బేస్‌మెంట్‌లో స్టూలు మీద కూర్చుని ఆవిడ చెప్పిన కబుర్లూ, ఊళ్ళో మ్యూజియంలో నేను చూసినవీ కలిస్తే నాకు తెలిసిన ఆ ఫ్యాక్టరీ కథ.

అసలు అది వాషింగ్ మెషీన్ల కోసం పుట్టిన కంపెనీ కాదు. 1893లో ఫ్రెడరిక్ లూయిస్ మేటాగ్, ఇంకొందరు భాగస్వాములు కలిసి పెట్టింది వ్యవసాయ పరికరాల కంపెనీ. నూర్పిడి యంత్రంలోకి పనలు అందించేటప్పుడు కూలీల చేతులు నలిగిపోయేవి. పన కట్టు తెంపి, దానంతట అదే యంత్రంలోకి తోసే పరికరం వీళ్ళు చేశారు. మన వైపు నూర్పిడి యంత్రాల దగ్గర చేతులు పోగొట్టుకున్న వాళ్ళని చిన్నప్పుడు చూసినదాన్ని కాబట్టి, ఆ ఒక్క పరికరానికే ఆయనకి దణ్ణం పెట్టొచ్చనిపించింది. కానీ పొలం సామాను అమ్మకం సీజన్‌లోనే. మిగతా నెలల్లో ఫ్యాక్టరీకి పని కావాలి. అందుకని 1907లో చెక్క తొట్టితో, చేత్తో తిప్పే వాషింగ్ మెషీన్ ఒకటి తీశారు. దానికి పెట్టిన పేరు పాస్‌టైమ్, అంటే కాలక్షేపం! బట్టలుతకడం కాలక్షేపమని ఆ పేరు పెట్టినాయన ఒక్కనాడైనా దుప్పటి ఉతికుండడని నా నమ్మకం.

మధ్యలో కార్లు కూడా చేయబోయారు. మేటాగ్-మేసన్ అని ఓ కంపెనీ, రేసు కార్లకి తర్వాత పేరు తెచ్చుకున్న డ్యూసెన్‌బర్గ్ అన్నదమ్ముల పనితనం అందులో ఉంది. రెండేళ్ళలో మేటాగ్ దాన్ని వదిలేశారు. నిలబడింది బట్టల మెషీనే.

పల్లెటూళ్ళలో కరెంటు లేదు. 1930ల మధ్య దాకా అమెరికా రైతు ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటుండేదంటే మొదట నేను నమ్మలేదు. అందుకని మేటాగ్ వాళ్ళు తొట్టి కింద చిన్న పెట్రోలు ఇంజన్ పెట్టారు. కాలితో పెడల్ తొక్కితే స్టార్టవుతుంది. పొగ బయటికి పోవడానికి పాములా వంగే ఇనుప గొట్టం, దాన్ని కిటికీలోంచి బయటికి పెట్టుకోవాలి. వాళ్ళమ్మ దగ్గర మొదట అదే ఉండేదట, పట్నంలోకి మారాక కరెంటుది కొన్నారు. రోలర్లు తీసేసి ఆ చోట కీమా మిషనో, వెన్న చిలికే కవ్వమో బిగించుకునే ఏర్పాటు కూడా ఉండేది. పనికిరాకుండా పోయిన ఇంజన్లు మగపిల్లలు ఊడదీసి చిన్న బళ్ళకీ పడవలకీ పెట్టుకునేవారు. ఇప్పటికీ ఆ ఇంజన్లు సేకరించే పిచ్చివాళ్ళు అమెరికా అంతటా ఉన్నారు.

కంపెనీ దశ తిరిగింది మాత్రం అల్యూమినియంతో. చెక్క తొట్టి ఎండితే నెర్రెలిస్తుంది, నానితే వాసనొస్తుంది. 1919లో అల్యూమినియం తొట్టిని పోత పోశారు. అంత పెద్ద తొట్టిని ఒక్క పోతగా పోయడం ఆ రోజుల్లో మామూలు పని కాదు, దానికోసం న్యూటన్‌లోనే సొంత ఫౌండ్రీ, అంటే పోత కార్ఖానా, పెట్టుకున్నారు. తర్వాత 1922లో జైరాఫోమ్ అని కొత్త రకం. అంతకుముందు మెషీన్లలో మూతకి వేలాడే తెడ్డు బట్టల్ని నీళ్ళలో ఈడ్చేది. హోవర్డ్ స్నైడర్ అనే ఆ కంపెనీ పనివాడు, బట్టల్ని కలియతిప్పే రెక్కల్ని (ఎజిటేటర్ అంటారు) తొట్టి అడుగున పెట్టి, నీళ్ళే బట్టల్లోంచి దూసుకుపోయేలా చేశాడు. ఆ తర్వాత అయిదేళ్ళలో పది లక్షల మెషీన్లు పూర్తయ్యాయి. మామ్మగారు తొట్టి అడుగున చెయ్యి పెట్టి ఆ రెక్కల్ని చూపించి, "ఊరంతా తిన్న అన్నం ఇదే" అన్నట్టు మాట్లాడేది.

అయితే ఆవిడ కంపెనీ భజన చేసే మనిషి కాదు. 1938 సంగతి వచ్చిందంటే గొంతు మారిపోయేది. పెద్ద మేటాగ్ 1937లో పోయాడు. మరుసటి ఏడాది మాంద్యం మళ్ళీ ముదిరిందని జీతాల్లో 10 శాతం కోత పెట్టారు. కార్మికులు సమ్మెకి దిగారు, కొన్నాళ్ళు ఫ్యాక్టరీ లోపలే బైఠాయించారు. మే నుంచి ఆగస్టు దాకా నడిచింది. గవర్నర్ క్రాషెల్ మార్షల్ లా పెట్టి నేషనల్ గార్డ్ సైనికుల్ని ఊళ్ళోకి దింపాడు. చివరికి ఆ కోత జీతానికే పనిలోకి వెళ్ళారు. వాళ్ళ నాన్న సమ్మెలో ఉన్నాడు, పక్కింటాయన లేడు. యుద్ధం వచ్చేదాకా ఆ రెండిళ్ళకీ మాటల్లేవట. "మా ఊళ్ళో తుపాకులు మొదట చూసింది అప్పుడే, హిట్లర్ వల్ల కాదు" అనేది.

తర్వాత యుద్ధం. ఇక్కడికొచ్చేసరికి ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కునేది.

అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 1941 జూలైలో, విమానాల కోసమని దేశమంతా అల్యూమినియం గిన్నెలు పోగుచేశారు. వాళ్ళమ్మ మూకుడు, కాఫీ గిన్నె ఇచ్చేసింది. సామాను తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాళ్ళకి బేస్‌మెంట్ తలుపు మాత్రం తియ్యలేదట, ఎక్కడ తొట్టి కనబడుతుందోనని. చెప్తూ చెప్తూ ఆవిడ పడీపడీ నవ్వేది. అదే మెషీన్, అదే తొట్టి. దాని మీద చెయ్యేసి నవ్వేది.

1942లో ఇళ్ళకి వాడే వాషింగ్ మెషీన్ల తయారీ మొత్తం ఆపేయమని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఇది ఒక్క మేటాగ్‌కే కాదు, అన్ని కంపెనీలకీ. ఇనుము, అల్యూమినియం, రబ్బరు, మోటార్లు, అన్నీ యుద్ధానికే. మేటాగ్ వాళ్ళకి ఫౌండ్రీ ఉంది, పళ్ళచక్రాలు కోసే మెషీన్లున్నాయి, వెంట్రుకవాసి తేడా రాకుండా పనిచేసే మనుషులున్నారు. విమానాల విడిభాగాలు, సైన్యానికి కావాల్సిన రకరకాల సామాను చేయడం మొదలెట్టారు. కంపెనీని అప్పుడు నడుపుతున్నది పెద్దాయన మనవడు రెండో ఫ్రెడ్ మేటాగ్. తండ్రి పోతే 1940లో, ఇరవై తొమ్మిదేళ్ళకే కుర్చీ ఎక్కాల్సి వచ్చినవాడు.

మగపిల్లలు సైన్యంలో చేరిపోయారు. మామ్మగారు స్కూలు అయిపోయి రెండేళ్ళు కూడా కాకుండానే ఫ్యాక్టరీలో చేరింది. పోత పోసి వచ్చిన అల్యూమినియం ముక్కల అంచులు ఆకురాయితో రాయడం, తర్వాత గేజ్ పెట్టి చూడడం ఆవిడ పని. గేజ్‌కి రెండు చివరలుంటాయి. ఒక చివర రంధ్రంలోకి దూరాలి, రెండో చివర దూరకూడదు. రెండూ దూరితే ఆ ముక్క పక్కన పడేయాలి. రోజంతా అంతే. సాయంత్రానికి వేలి సందుల్లో బూడిద రంగు పొడి ఎంత తోమినా పోయేది కాదట, చర్చికి చేతి తొడుగులు వేసుకుని వెళ్ళేది. ఆ ముక్క ఏ విమానంలో ఎక్కడ బిగిస్తారో వాళ్ళకి చెప్పేవారు కాదు. "ఎక్కడో ఆకాశంలో నేను రాసిన అంచు ఒకటి తిరుగుతోందనుకునేదాన్ని" అని అనేది. బట్టల తొట్లు పోసిన చేతులతోనే పక్కన ముసలి మేస్త్రీలు పోత పోస్తున్నారు. వాళ్ళలో 1938లో గేటు బయట నిలబడ్డవాళ్ళూ ఉన్నారు, లోపలికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. యుద్ధం పనిలో ఆ గొడవ ఎత్తకూడదని అనుకోకుండానే అందరూ ఊరుకున్నారట. వాళ్ళ నాన్న, ఆ పక్కింటాయన ఒకే షిఫ్టులో, ఒకే కారులో వెళ్ళేవారు. పెట్రోలుకి రేషన్ కదా, మాట్లాడుకోక తప్పలేదు.

అప్పుడే నేను మా కాకినాడ సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి మా అమ్మమ్మకి పదకొండేళ్ళు. ఊళ్ళో సగం జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయారు. వీళ్ళు బిక్కవోలు వైపు బంధువుల ఇంటికి పోతూ, పందిరి మీద ఆరేసిన బట్టలు తీయడం మర్చిపోయారట. నెల తర్వాత తిరిగొస్తే ఆ బట్టలు ఎండకి రంగు వెలిసి అలాగే ఉన్నాయి. అమ్మమ్మ బాంబుల గురించి ఒక్క ముక్కలో తేల్చేసి, వెలిసిపోయిన తన పరికిణీ గురించి గంటసేపు చెప్పేది. ఇది చెప్పగానే మామ్మగారు కదలకుండా కూర్చుంది. తను రోజూ పేపర్లో చదివిన యుద్ధంలో ఇండియా పేరు విన్నది గానీ, అక్కడ ఓ పిల్ల పరికిణీ సంగతి తన బేస్‌మెంట్‌లో వింటానని అనుకోలేదంది. ఆ తర్వాత నేనెప్పుడు ఇండియా వెళ్ళొచ్చినా మొదటి ప్రశ్న "మీ అమ్మమ్మ ఎలా ఉంది" అనే.

మామ్మగారి అన్నయ్య మెరీన్స్ సైన్యంలో చేరి, పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవికి వెళ్ళాడు. అక్కడ రాత్రిళ్ళు ఒంటరిగా వచ్చి, బాంబులు వేసినా వేయకపోయినా నిద్ర మాత్రం చెడగొట్టే జపాన్ విమానానికి సైనికులు పెట్టిన పేరు "వాషింగ్ మెషీన్ చార్లీ". దాని రెండు ఇంజన్లూ ఒక లయలో లేక గుడగుడలాడుతూ ఉండేవి. పల్లెటూరి కుర్రాళ్ళకి ఆ చప్పుడు వినగానే ఇంటి దగ్గర సోమవారం పొద్దున్న అమ్మ తొక్కి స్టార్ట్ చేసే పెట్రోలు మెషీన్ గుర్తొచ్చి ఉంటుందని మామ్మగారి వివరణ. సోమవారమే అక్కడ ఉతుకుడు రోజు. యూరప్ వైపు సైన్యం వాడిన చిన్న పరిశీలక విమానాలకైతే ఏకంగా మేటాగ్ పేరే తగిలించారు. "మేటాగ్ మెస్సర్‌ష్మిట్" అని ఎగతాళి పేరు. జర్మన్ల భయంకరమైన ఫైటర్ పేరు పక్కన మనింటి బట్టల మెషీన్ పేరు! పసిఫిక్ దీవుల్లో సైనికులు డ్రమ్ములకి గాలిమర రెక్కలు కట్టి బట్టలుతుక్కునే యంత్రాలు సొంతంగా చేసుకున్న ఫోటోలు నేనూ చూశాను.

ఇక ఇళ్ళల్లో, కొత్త మెషీన్ దొరకదు కాబట్టి ఉన్నదాన్నే కంటికి రెప్పలా చూసుకోవాలి. రోలర్ల మీద సబ్బు మిగలకుండా తుడిచి, వాడనప్పుడు వాటి ఒత్తిడి వదులు చేసి పెట్టాలి. లేకపోతే రబ్బరు ఒకచోట నొక్కుకుపోతుంది, కొత్త రబ్బరు ఎక్కడ తేగలరు? అరవై ఏళ్ళ తర్వాత కూడా మామ్మగారు పని అయ్యాక ముందుగా ఆ పట్టీ తిప్పి రోలర్లు వదులు చేసేది. దానిమీద ఆరిన గుడ్డ వేసేది. నేను ఒకసారి మర్చిపోతే మెట్లు దిగొచ్చి తనే చేసి వెళ్ళింది, ఒక్క మాటా అనకుండా. మేటాగ్ మెషీన్ పాడవదనే పేరు, పనిలేక కూర్చునే రిపేరువాడి టీవీ యాడ్, ఇవన్నీ 1967 తర్వాత వచ్చినవి. జెస్సీ వైట్ అనే నటుడు ఏడుపు మొహంతో కూర్చునేవాడు. ఆ పేరులో సగం ఇంజనీర్లది, మిగతా సగం యుద్ధం నాలుగేళ్ళూ ఉన్న మెషీన్‌ని పాడవనివ్వని ఆడవాళ్ళదని నా లెక్క.

యుద్ధం అయ్యాక 1946లో మళ్ళీ వాషింగ్ మెషీన్లు మొదలుపెట్టారు. జనం నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నారు, ఎన్ని చేసినా చాలేవి కావు. 1949లో ఆటోమేటిక్ వచ్చింది, దానికోసం ఊరి చివర రెండో ప్లాంటు కట్టారు. మామ్మగారు అప్పటికి పెళ్ళి చేసుకుని పని మానేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళకి ఉద్యోగాలు ఇవ్వాలి కదా అని ఆవిడే అనేది. ఆవిడ ఆ మాట అన్న తీరు బట్టి, మానేయాలని మరీ అంత ఇష్టం లేదని నాకనిపించేది. వాళ్ళాయన మాత్రం రిటైరయ్యేదాకా రెండో ప్లాంటులోనే. రోలర్ల మెషీన్లు కూడా 1983 దాకా చేస్తూనే ఉన్నారు. కరెంటు వాడకుండా పాత పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు వాటిని పెట్రోలు ఇంజన్లతో ఇప్పటికీ నడుపుకుంటున్నాయి.

మేం 2002లో న్యూటన్ వదిలి డి మొయిన్ శివార్లకి మారాం. అక్కడ మనవాళ్ళు ఎక్కువ, అయోవాలోనే ఉన్న మాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర గుడి కట్టుకునే సందడి కూడా మొదలైంది. మామ్మగారు 2005 మొదట్లో పోయారు. ఒక రకంగా మంచిదే అనుకున్నాం. ఆ ఏడాదే కంపెనీని ఎవరు కొంటారన్న వేలంపాట మొదలైంది. చైనా కంపెనీ హయర్ పేరు వినిపించింది, చివరికి పోటీ కంపెనీ వర్ల్‌పూల్ కొంది. 2006 మార్చిలో కొనుగోలు పూర్తయింది, మేలో న్యూటన్ ఫ్యాక్టరీ మూసేస్తామని ప్రకటన వచ్చింది. 2007 అక్టోబరులో చివరి షిఫ్టు. ప్రపంచ యుద్ధం నాలుగేళ్ళు మెషీన్లు ఆపినా ఒక్క తలుపు మూయించలేకపోయింది, మనుషులకి ఇంకా పని పెంచింది. ఏ గొడవా లేని రోజుల్లో, కాగితాల మీద సంతకాలతో ఆ పని అయిపోయింది. మేటాగ్ స్టిక్కరున్న మెషీన్లు ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి. అవి ఒహాయోలోని క్లైడ్ నుంచి వస్తాయి. చివరికి న్యూటన్‌ని ఒహాయో అనుకున్నవాళ్ళ మాటే నిజమైందని మా వారు జోకేశారు, నాకు నవ్వు రాలేదు.

మామ్మగారి పాత మెషీన్‌ని వాళ్ళబ్బాయి కలోనా వైపు ఓ ఆమిష్ కుటుంబానికి ఇచ్చేశాడు. డబ్బు తీసుకున్నాడో లేదో అడగలేదు.

రెండో ప్లాంటులోకి తర్వాత గాలిమరల టవర్లు చేసే కంపెనీ వచ్చింది. 2009 ఏప్రిల్ 22న ఒబామా అక్కడికొచ్చి ప్రసంగించారు, మేం టీవీలో చూశాం. వెనకాల కనిపించిన ఇనుప దూలాలు మా వారు గుర్తుపట్టారు. ఆ సాయంత్రం పాత సహోద్యోగి ఒకాయనకి ఫోన్ చేశారు. మేటాగ్‌లో చేసిన వాళ్ళలో కొందరు వెల్డింగ్ నేర్చుకుని అక్కడ చేరారని ఆయన చెప్పాడు. వాళ్ళలో ఆయన మేనల్లుడు కూడా ఉన్నాడు. జీతం ఎలా ఉందని మా వారు అడిగితే, "ఉద్యోగం ఉంది" అని మాత్రం అని, మా పిల్లల చదువుల సంగతి అడగడం మొదలెట్టాడు.